ఖాళీగా వదిలిన గడి

ఆయన పోయారన్న సంగతి నాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది. మా కాలేజీలో అటెండరుగా చేసి రిటైరైన అప్పారావు ఫోన్ చేశాడు. నా మోకాళ్ళ నొప్పుల గురించీ తన కంటి ఆపరేషన్ గురించీ తీరిగ్గా మాట్లాడి, పెట్టేసే ముందు, "అన్నట్టు, మన ఫిజిక్సు మాస్టారు పోయారండి. విస్సన్నపేటలోనే. ఈ ఆదివారం చర్చి దగ్గర ఆయన జ్ఞాపకంగా ఆదరణ కూటం పెట్టుకున్నారంట, వెళ్తారేమోనని చెప్తున్నా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆయన మొహం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. చెయ్యి గుర్తొచ్చింది. కుడిచేతి చూపుడువేలు మీద ఎప్పుడూ ఉండే నల్లసిరా మచ్చ, గోరు పక్కన సుద్దముక్క పొడి. ఆ చేత్తో నా టైపు మిషన్ పక్కన కాగితం పెట్టి, "ఇక్కడ నాలుగు అక్షరాల చోటు వదలండి" అనేవారు.

ఎనభైల మొదట్లో నేను నూజివీడులో ఆ కాలేజీ ఆఫీసులో టైపిస్టుని. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆయనకి నలభై దాటాయి. సాయంత్రం నాలుగింటికి క్లాసులయ్యాక, ప్రిన్సిపాల్ గారి అనుమతితో, తన కాగితాలు పట్టుకుని వచ్చేవారు. మా మిషన్ మీద ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఆయన లెక్కల్లో ఉండే గ్రీకు గుర్తులు లేవు. అందుకని నేను ఎక్కడికక్కడ ఖాళీలు వదిలితే ఆయన తర్వాత కూర్చుని సిరాతో నింపుకునేవారు. ఒక్కో పేజీలో మాటలకంటే ఖాళీలే ఎక్కువ. ఏ పేజీలో ఎన్ని ఖాళీలున్నాయో ముందే ఎంచి చెప్పేవారు. నేనొకటి తక్కువ వదిలితే విసుక్కునేవారు కాదు. "ఇరవై మూడు వచ్చాయండీ, ఇరవై నాలుగు ఉండాలి" అని నిలబడేవారు. అది విసుగు కంటే కష్టంగా ఉండేది.

అందర్నీ అండీ అనే పిలిచేవారు. నన్నూ, అప్పారావునీ, పదహారేళ్ళ ఇంటర్ పిల్లల్నీ. వరండాలో పడుకున్న కుక్కని కూడా "కాస్త తప్పుకోండి" అన్నారని పిల్లలు చెప్పుకుని నవ్వేవారు. టైమెంతైందని అడిగితే "నాలుగూ పది" అనేవారు కాదు. "నా వాచీలో నాలుగూ పది" అనేవారు. వానొస్తుందా మాస్టారూ అంటే, "మబ్బైతే ఉందండీ" అనేవారు. తనకు ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పి ఆగిపోవడం ఆయనకు అలవాటు. స్టాఫ్‌రూములో చాలామందికి ఇది చాదస్తం. నాకైతే మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఆరునెలల నుంచి కొడుతున్నాను. ఈ బ్లాక్ హోల్ అంటే ఏంటండీ?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పెద్ద నక్షత్రం కాలడం అయిపోయాక తన బరువు తానే మోయలేక లోపలికి కూలిపోతుందనీ, ఆ కూలినచోట లాగే బలం ఎంత ఉంటుందంటే వెలుతురు కూడా బయటికి రాలేదనీ చెప్పారు. దాని చుట్టూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి లోపలికి పోయింది మరి రాదు.

"రాకపోతే ఏమైందండీ? పోయిందేదో లోపల ఉంటుందిగా."

"అదే కదండీ అందరూ అనుకున్నది. లోపల ఉంది, మనకి కనపడదు, అంతే అని. కానీ ఇంగ్లండులో ఒకాయన లెక్కవేసి చూపించాడు. ఆ బిలం కూడా కొద్దికొద్దిగా వేడిని బయటికి వదులుతుందట. వదిలి వదిలి తానే తరిగి, చివరికి లేకుండా పోతుందట. మరి లోపల పడింది ఏమైనట్టు?"

"వేడిలో వచ్చేసిందేమో."

"ఆ వేడిలో ఏ గుర్తూ ఉండదంటాడాయన. లోపల పడింది రాయైనా ఒకటే, పుస్తకమైనా ఒకటే, బయటికొచ్చే వేడి ఒకటే రకం. అంటే లోకంలోంచి ఒక సంగతి పూర్తిగా చెరిగిపోయినట్టు. మా ఫిజిక్సులో అలా జరగడానికి వీల్లేదండీ. ఇప్పుడున్నదాన్ని పూర్తిగా తెలుసుకుంటే నిన్న ఉన్నదేదో చెప్పగలగాలి. అది పునాది. ఆయన లెక్కలో తప్పు కనపడటం లేదు. పునాదిలోనూ తప్పు కనపడటం లేదు. రెండూ నిజం కాలేవు."

అది చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎప్పటిలానే ఉంది. కాలు మాత్రం బల్లకింద ఆడుతోంది.

ఎంట్రోపీ అనే మాట ఆ కాగితాల్లో మాటిమాటికీ వచ్చేది. దాని సంగతి మామిడికాయల కాలంలో చెప్పారు. ఎవరో స్టాఫ్‌రూముకి చిన్నరసాల బుట్ట పంపితే ఒక పండు తెచ్చి నా బల్లమీద పెట్టారు. "ఇది బయటినుంచి చూస్తే ఒక పండు. లోపల అణువులు ఎన్ని రకాలుగా సర్దుకుని ఉన్నా మనకి ఇదే పండులా కనపడుతుంది. అలా మనకి తెలియకుండా ఎన్ని రకాలు దాగి ఉన్నాయో దాని కొలతేనండీ ఎంట్రోపీ. ఒకరకంగా మన తెలియనితనానికి కొలత. మామూలు వస్తువుకి అది లోపలి గుజ్జుతో పాటు పెరుగుతుంది. బ్లాక్ హోలుకి మాత్రం తొక్క ఎంత ఉందో అంతేనట. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదు." ఇంత చెప్పి, పండు నాకే వదిలేసి వెళ్ళిపోయారు.

సంగతులు చెరిగిపోవన్న నమ్మకం ఆయనకి పుస్తకాల నుంచి వచ్చిందని నేననుకోను. వాళ్ళమ్మ నుంచి వచ్చింది. విస్సన్నపేట పక్క తోటల్లో కూలికి వెళ్ళే మనిషి ఆవిడ. కొడుకు లెక్చరరయ్యాక కూడా సీజన్లో తోటకి వెళ్ళడం మానలేదు. ఒక ఏప్రిల్లో పెద్ద గాలివాన వచ్చి కాయ మొత్తం రాలిపోయింది. మర్నాడు సెలవు. మా అత్తగారింటి తోట కూడా అటేపే కావడంతో నేనూ వెళ్ళాను. నాలుగు తోటల కాయా కొట్టుకొచ్చి కాలవగట్టున గుట్టలు పడింది. ఎవరి కాయ ఎవరిదో తేలక తోటలవాళ్ళు అరుచుకుంటున్నారు.

ఆవిడ వచ్చి గుట్టముందు గొంతుక్కూర్చుని, ఒక్కో కాయా తీసి ముచ్చిక చూసి, సొన కారిన మరక చూసి, పక్కకి పెట్టడం మొదలుపెట్టింది. "ఇది బావికాడ చెట్టుది. ఇది కంచె పక్కది, దీనికి ముక్కు వంకర. ఇది మనది కాదు, అవతలోళ్ళది." రెండు గంటల్లో గుట్ట నాలుగు కుప్పలైంది. గొడవ ఆగిపోయింది.

మాస్టారు పక్కన నిలబడి చూస్తున్నారు. "అమ్మా, ముక్కలు కోసి ఊరేశాక కూడా చెప్పగలవా?"

"నాలిక మీదేస్తే చెప్తా."

"ముక్క మెత్తగా రుబ్బేస్తే?"

"రుబ్బినదాంతో నీకేం పని నాయనా? తప్పుకో, నీడ పడుతోంది" అందావిడ.

ఆయన తప్పుకున్నారు. నావైపు తిరిగి, "రుబ్బినా ఉంటుందండీ, చదివే నాలిక కావాలంతే" అన్నారు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

ఆ పేపరు మీద ఆరేళ్ళు పనిచేశారు. బిలం లోంచి వచ్చే వేడి చూడ్డానికి ఒకేరకంగా ఉన్నా, మొదట వచ్చిన దానికీ చివర్న వచ్చిన దానికీ మధ్య చాలా సన్నటి పొంతన ఉంటుందనీ, పడినదాని గుర్తు అందులో ఉంటుందనీ ఆయన వాదన. ముప్పై ఒక్క పేజీలు. విదేశీ పత్రికకి పంపారు. నాలుగు నెలలకి తిరిగొచ్చింది. కవరు నా బల్ల దగ్గరే విప్పారు. మూడు లైన్ల ఉత్తరం, వెనక పరిశీలకుడి అభిప్రాయం ఒక పేజీ. అది రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు.

"ఏమన్నారండీ?"

"నేను ఏది నిరూపించాలో దాన్నే తొమ్మిదో పేజీలో ముందుగా అనేసుకున్నానట."

"నిజమేనా?"

"నిజమేనండీ. నాకు కనపడలేదు."

మర్నాడు స్టాఫ్‌రూములో ఆ అభిప్రాయాన్ని పైకి చదివి, తప్పెక్కడుందో బోర్డు మీద రాసి చూపించారు. ఎవరూ అడగలేదు. అర్థమైనవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఓడిపోయిన సంగతి అంత వివరంగా చెప్పుకునే మనిషిని నేనింతవరకూ ఇంకొకర్ని చూడలేదు.

ఆ ఏడే వాళ్ళ ఊరి చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరుకి చెదలు పట్టాయి. చెక్కబీరువా వెనకనుంచి వచ్చి పుస్తకమంతా తినేసి, అట్టలు మాత్రం మిగిల్చాయట. ఎత్తితే మన్ను రాలింది. ఆ ఊళ్ళో బడికి వెళ్ళనివాళ్ళకి పుట్టినతేదీకి ఆ పుస్తకం తప్ప వేరే ఆధారం లేదు. పాస్టరు గారు కొత్తవారు. ఏం చెయ్యాలో తోచక మాస్టారిని అడిగారు. మాస్టారు ఒప్పుకున్నారు.

ఏడెనిమిది నెలలు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఇల్లిల్లూ తిరిగారు. ఫలానావాడు ఎప్పుడు పుట్టాడని అడిగేవారు కాదు. వాడు పుట్టినప్పుడు పక్కింట్లో ఎవరు కడుపుతో ఉన్నారు, ఆ ఏడు కాపు ఎలా ఉంది, తల్లి ఏ తోటలో పనిచేస్తోంది, చర్చికి పెంకులు వేశారా ఇంకా తాటాకేనా, ఇలా అడిగేవారు. ఒక్కొక్కరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో పోల్చేవారు. పెళ్ళిచేసుకుని చింతలపూడి వెళ్ళిపోయిన ఆడవాళ్ళ దగ్గరికి బస్సులో వెళ్ళి అడిగి వచ్చేవారు. రెండువందల ముప్పై పేర్లు. తేలిన తేదీలు నేను ఇంగ్లీషులో గళ్ళు కట్టి టైపు చేసేదాన్ని, ఆఫీసుల్లో చూపించుకోడానికి. ప్రతి పేజీ కిందా పాస్టరు గారూ ఆయనా సంతకం చేసేవారు.

అన్నీ తేలాయి, ఒక్కటి తప్ప.

ఆ అమ్మాయి పేరు సువార్త. తోట కూలి. నూజివీడులో ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డుకి ఆయా పోస్టు పడింది. వయసు ఇరవై ఐదు దాటకూడదు. వాళ్ళ నాన్న ఇరవై నాలుగంటాడు. మేనత్త ఇరవై ఆరంటుంది. తల్లి లేదు. చర్చికి పెంకులు వేసిన ఏడు పుట్టిందని ఒకరు, పెంకులు వేసేనాటికే పాకుతోందని ఇంకొకరు.

మాస్టారు నాలుగుసార్లు వెళ్ళారు. నాలుగోసారి నేనూ వెంట వెళ్ళాను, ఆడవాళ్ళు నాతో అయితే ఇంకొంచెం మాట్లాడతారేమోనని. సువార్త వాళ్ళ నాన్న పెరట్లో గొడ్డలి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బిడ్డ పుట్టిన నెల్లోనే ఈ మామిడిమొక్క నాటానండి. కోస్తే మానులో గీతలుంటాయంటగా, ఏడుకొకటి. కొట్టేస్తాను, లెక్కపెట్టండి."

మాస్టారు చెట్టు మొదట్లో చెయ్యి వేశారు. "వద్దండీ. బోటనీ ఆయన్ని ఇదివరకే అడిగాను. మన ఎండల్లో మామిడికి గీతలు సరిగ్గా పడవు. కొట్టినా తేలదు. చెట్టు పోతుంది."

సువార్త గడప మీద కూర్చుని ఉంది. తలెత్తకుండానే అంది. "ఇరవై నాలుగని రాస్తే ఎవరికి నష్టమండీ?"

ఆయన చెట్టు మీంచి చెయ్యి తీసి బస్సుకి బయల్దేరారు. నూజివీడులో దిగాక, "ఆ గడి ఖాళీగా వదలండి" అన్నారు.

"వదిలితే ఆ పిల్లకి ఉద్యోగం రాదండీ."

"తెలుసండీ."

"మరి సంగతులు పోవు, చెరిగిపోవు అంటారుగా?"

"ఎక్కడో ఉంటుంది. నాకు దొరకలేదు. దొరకనిది దొరికిందని ఎలా రాస్తాను?"

మర్నాడు మధ్యాహ్నం ఆ పేజీ మిషన్‌లో పెట్టాను. ఆరేళ్ళుగా ఆయన వదలమన్నచోటల్లా వదిలినదాన్ని. ఆ గడి దగ్గరికొచ్చాక వేళ్ళు ఆగలేదు. తేదీ, నెల, సంవత్సరం కొట్టేశాను. కాగితం తీసి మిగతావాటి మధ్యలో పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి కట్ట మొత్తం చదవకుండానే సంతకాలు పెట్టారు. నా టైపు మీద ఆయనకంత నమ్మకం. సువార్తకి పాస్టరు గారు ధ్రువపత్రం ఇచ్చారు. ఉద్యోగం వచ్చింది. ఆ అమ్మాయి వచ్చి మాస్టారికి దణ్ణం పెడితే, ఖాళీ ఉన్నా ఆసుపత్రివాళ్ళు పోనీలే అని తీసుకున్నారని ఆయననుకున్నారట.

రెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చేతిలో కాగితాల్లేవు.

"సువార్తది దొరికిందండీ."

ఆయన వెతకడం ఆపలేదని నాకు అప్పటిదాకా తెలియదు. పాత పాస్టరు గారు పోయాక ఆయన భార్య ఉంగుటూరులో కొడుకు దగ్గర ఉంటోంది. ఆవిడ దగ్గర ఒక ట్రంకుపెట్టె. అందులో పాస్టరు గారు ప్రసంగాలు రాసుకున్న నోటుపుస్తకాలు. ఒకదాని చివర్న ఆ వారం బాప్తిస్మం ఇచ్చిన బిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు.

"మేనత్త చెప్పిందే నిజమండీ. ఆ అమ్మాయికి అప్పటికి ఇరవై ఆరు. రిజిస్టరులో రాసుకుందామని తీసి చూస్తే గడి నిండి ఉంది." నా మొహంలోకి చూసి అడిగారు. "ఆ తేదీ ఎక్కడిదండీ?"

"నాదేనండీ. నేను పుట్టిన రోజూ నెలా, ఏడు మాత్రం ఆ పిల్లకి ఇరవై నాలుగొచ్చేలా వేశాను. అప్పుడు చేతికి అదే వచ్చింది."

ఆయన నవ్వుతారో తిడతారో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. "కింద సంతకం నాది" అన్నారు.

"ఇప్పుడు చెబుతారా?"

"చెబితే ఉద్యోగం తీసేస్తారు. ఇద్దరు బిడ్డల తల్లి ఇప్పుడు." బల్లమీద వేలితో ఏదో రాశారు. "ఆ పోస్టుకి వచ్చినవాళ్ళలో రెండో మనిషి ఎవరో మీకు తెలుసా?"

"తెలియదండీ."

"నాకూ తెలియదు. సువార్త గురించి ఊరంతా తిరిగి అడిగాను. ఆ రెండో ఆవిడ గురించి మన దగ్గర ఏమీ లేదు. పేరైనా లేదు."

ఆ మాట నేనిప్పటికీ మర్చిపోలేదు. ఆయన గొంతులో నింద లేదు. లెక్కలో ఒక పదం మిగిలిపోయిందని చెప్పినట్టే చెప్పారు.

"ఆ నోటుపుస్తకం ఏం చేశారండీ?"

"పెట్టెలో పెట్టేసి వచ్చాను. చించలేదు. ఎవరైనా వెళ్ళి చూస్తే కనపడుతుంది. నన్ను చెప్పమని ఎవరూ అడగలేదు." లేచి నిలబడి, "అడిగితే మాత్రం చెబుతానండీ" అన్నారు.

ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కూడా ఆయన కాగితాలు తెచ్చేవారు, అండీ అనే పిలిచేవారు. కానీ నేను టైపు చేసిన ప్రతి పేజీనీ స్కేలు పెట్టుకుని, ఒక్కో లైనూ కిందికి జరుపుకుంటూ చదివేవారు. ఆ స్కేలు జరుగుతున్నంతసేపూ నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. ఆ దశాబ్దం చివర్న మా ఆయనకి బదిలీ అయితే నేను ఉద్యోగం మానేశాను. ఆయన రెండో పేపరు పూర్తయిందో లేదో కనుక్కోలేదు.

ఆదివారం విస్సన్నపేట వెళ్ళాను. చర్చి ముందు షామియానా వేశారు. డెబ్బై ఎనభై మంది ఉంటారు. పాత విద్యార్థులు ఇద్దరు లేచి, మాస్టారి ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా తేలలేదనీ, ఇప్పుడు చాలామంది ఆయన వైపే మొగ్గుతున్నారనీ చెప్పారు. ఆయనుంటే "మొగ్గడం వేరు, తేలడం వేరండీ" అనేవారు.

తర్వాత సాక్ష్యం చెప్పడానికి ఒక పెద్దావిడ లేచింది. జుట్టు పూర్తిగా నెరిసింది. పేరు చెప్పేదాకా గుర్తుపట్టలేదు.

"నా పుట్టినరోజు నాకే తెలవదండి. మా అమ్మ పోయింది, పుస్తకం చెదలు తినేసింది. మాస్టారు ఊరూరూ తిరిగి ఎతికి పట్టుకొచ్చారు. ఆ కాగితంతో ముప్పై ఏళ్ళ పైచిలుకు పిల్లల వార్డులో చేశాను. నా చేతుల మీద ఎంతమంది పిల్లలు బతికారో దేవుడికే తెలుసు. ఏటా ఆ రోజున వార్డులో పిల్లలందరికీ పాలు పోసేదాన్ని, మాస్టారి పేరు చెప్పి."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

భోజనాల దగ్గర నన్ను పోల్చుకుని, వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "మాస్టారితో మా ఇంటికొచ్చింది మీరే కదండీ? వచ్చే నెల పదిహేడు నా పుట్టినరోజు. పిల్లలు కేకు తెస్తారు. మాస్టారు లేరు, మీరైనా రావాలి."

వస్తానన్నాను. అన్నట్టే వెళ్ళాను. మనవలు కేకు మీద పేరు రాయించారు. మొదటిముక్క తెచ్చి నా నోట్లో పెడుతూ అడిగింది.

"మీ పుట్టినరోజు ఎప్పుడండీ? నేనూ వస్తాను."

"మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదమ్మా" అన్నాను.